పోరుమామిళ్ళ చెరువు శాసనము

కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించెను. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని. అచటి సంస్కృత శాసనమును మనము దాత కీర్తికొరకే చదువ నక్కరలేదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. జలశాస్త్ర మెరిగినవాడు, గట్టి నేల, తీయని నీటి నది, రాతికట్ట అంగములలోనివి. కట్ట ఊరుట, చవిటి నేల, నడుమ మిట్ట దోషములు. ఇంతవరకు ఏ మేస్త్రియైనను చెప్పగలడు. నీరు కొద్దియై ఆయకట్టు విరివియగుట దోషము. నీరు మెండై ఆయకట్టు కొద్దియగుటయు దోషమే. మన యాశకు తగిన కొలత యిదియే కదా! రెండు రాజ్యముల పొలిమేరన చెరువుండుటయు దోషమేయట. ఈ మాట చెక్కిన ఆరువందల యేండ్లకు, 1969లో, కృష్ణాజలముల పంపకమునకై రాష్ట్రముల నడుమ ట్రిబ్యునలు ఏర్పడెను.