తగ్గని దగ్గుకు గురక కారణమా?

సిరప్‌లు మార్చినా, యాంటీబయోటిక్ కోర్సు పూర్తి చేసినా దగ్గు తగ్గడం లేదా? ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారా? అయితే రాత్రి గురక సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. గురకకూ దగ్గుకూ సంబంధమేమిటని చాలామంది ఆ మాటే ఎత్తరు. కానీ నిద్రలో శ్వాస ఆగిపోయే 'స్లీప్ ఆప్నియా' వల్ల కూడా కొందరిలో దగ్గు నెలల తరబడి వదలదు.

స్లీప్ ఆప్నియా అంటే?

నిద్రలో గొంతు కండరాలు వదులై శ్వాసమార్గం మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు గాలి ఆడదు. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద శబ్దంతో ఊపిరి పీల్చుకుని మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. ఇది రాత్రంతా జరుగుతున్నా చాలాసార్లు వారికి తెలియదు, పక్కన పడుకున్నవారే గమనించాలి. గురక పెడుతున్నారంటే హాయిగా నిద్రపోతున్నారనుకోవడం పొరపాటు. బరువు ఎక్కువున్నవారికి, మెడ లావుగా ఉన్నవారికి ముప్పు ఎక్కువ. నెలసరి ఆగిన తర్వాత మహిళల్లోనూ ఇది పెరుగుతుంది. సిగ్గుపడి దాచుకోవద్దు.

దగ్గు ఎందుకు వస్తుంది?

* మూసుకున్న గొంతులోంచి గాలి లాగే ప్రయత్నంలో కడుపులోని ఆమ్లం పైకి రావచ్చు. గుండెల్లో మంట లేకపోయినా దీనివల్ల దగ్గు వస్తుంది.
* గురక అదురుకు గొంతు పొర వాస్తుంది. చిన్న దుమ్ముకే దగ్గు మొదలవుతుంది.
* నోటితో గాలి పీల్చడం వల్ల గొంతు ఎండిపోతుంది.

ముందు ఇవి చూడాలి

దగ్గు 2 వారాలు దాటితే టీబీ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం. పెద్దవారిలో 8 వారాలు దాటితే దీర్ఘకాలిక దగ్గు అంటారు. ఆస్తమా, సైనస్, ఎసిడిటీ, పొగతాగడం దీనికి ఎక్కువగా కనిపించే కారణాలు. బీపీకి వాడే ఎనాలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలతోనూ పొడి దగ్గు వస్తుంది. వాటిని సొంతంగా ఆపేయకండి, డాక్టరే మారుస్తారు. కఫంలో రక్తం, ఆయాసం, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయొద్దు.

పరీక్ష, చికిత్స

గురకతో పాటు పగటి మత్తు, ఉదయం తలనొప్పి ఉంటే స్లీప్ స్టడీ చేయిస్తారు. శ్వాస ఆగడం లేదా బాగా తగ్గడం గంటకు 5 నుంచి 15 సార్లయితే స్వల్పం, 30 దాటితే తీవ్రం. మాస్కు ద్వారా గాలి పంపి గొంతు తెరిచి ఉంచే సీప్యాప్ మిషన్ ప్రధాన చికిత్స. దీన్ని వాడాక కొందరిలో దగ్గు కూడా తగ్గుతుంది. ఆ గాలికి గొంతు ఎండితే హ్యుమిడిఫయర్ పెట్టించుకోవాలి.

ఇంట్లో జాగ్రత్తలు

బరువు తగ్గాలి. పక్కకు తిరిగి పడుకోవాలి. మంచం తలవైపు కొంచెం ఎత్తు పెట్టుకోవాలి. తిన్న తర్వాత రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం మంచిది. రంజాన్‌లో ఇది కష్టమే. సహరీ తిని, ఫజర్ నమాజు కాగానే పడుకునేవారు సహరీలో నూనె, మసాలా తగ్గించి మితంగా తినాలి. ఇఫ్తార్ తర్వాత రాత్రి పొద్దుపోయాక మళ్లీ భారీగా తినకపోతే గొంతుకూ నిద్రకూ మేలు.