నాలుగు బస్తాలు తగ్గినా సాంబే

తెనాలి, రేపల్లె వైపు సార్వాకి ఏం వేశావని రైతునడిగితే చాలాకాలం ఒకటే జవాబు: బీపీటీ. ఆ పేరులో ఉన్నది బాపట్ల. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబమసూరి, అక్కడ డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించిన వంగడం.

వరిలో పాత చిక్కు ఒకటుంది. తినడానికి బాగుండేది ఎత్తుగా పెరిగి గాలికి పడిపోతుంది. నిలబడేది నోటికి రుచించదు. బాపట్లలో ఈ రెంటినీ కలిపారు. కోయంబత్తూరు సన్నరకం జీఈబీ 24ను తైవాన్ నుంచి వచ్చిన పొట్టిరకం తైచుంగ్ నేటివ్ 1తో సంకరం చేసి, ఆ సంతానాన్ని మలేషియా మసూరితో కలిపారు. వచ్చిన గింజ సన్నం, అన్నం మెత్తన. దిగుబడిలో మాత్రం, నాలుగేళ్ల ముందు మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకానిదే పైచేయి. పైగా సాంబకు అగ్గితెగులు, ఎండాకు తెగులు తేలిగ్గా తగులుతాయి.

మరి రైతు దీన్నెందుకు వేశాడు? అవకాశ వ్యయం, అంటే ఒకటి ఎంచుకున్నందుకు వదులుకున్న రెండోదాని విలువ, చెప్పడానికి పాఠ్యపుస్తకాలు తుపాకులు, వెన్న అంటాయి. డెల్టా పిల్లలకు అంతదూరం అక్కర్లేదు. లెక్క కోసం ఎకరాకు ముతకరకం 32 బస్తాలు, సాంబ 28 అనుకుందాం. 75 కిలోల బస్తా ముతకవి 1,700 రూపాయలు, సాంబ 2,000. ముతకకు 54,400 వస్తుంది, సాంబకు 56,000. సాంబ వేసినవాడు వదులుకున్నది ఆ 54,400, మిగిలింది 1,600. తెగులొచ్చి రెండు మందులు ఎక్కువ కొట్టాడా, అదీ పోయింది.

ఆ 300 తేడా ఇచ్చింది సర్కారు కాదు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,300, సాంబ చేరే ఏ గ్రేడు 2,320. బస్తాకు పదిహేను రూపాయల తేడా. దానికోసం నాలుగు బస్తాలు ఎవరు వదులుకుంటారు? ఇచ్చింది తినేవాడే. కడుపు నిండితే చాలనుకున్న రోజుల్లో బస్తాల లెక్కే లెక్క. బియ్యం కొరత తీరాక జనం రుచికి డబ్బు పెట్టడం మొదలుపెట్టారు. సాంబ సరిగ్గా అప్పుడొచ్చింది.

మరో ఖర్చు కాలం. దాదాపు 150 రోజుల పంట. కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడ్డ వరిలోనే మినుములు చల్లే ఈ మాగాణుల్లో వరి ఆలస్యమైతే మినుముకు తడి చాలదు.

2008లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబలోకి తెచ్చాయి. గింజ గుణం మాత్రం మారకుండా చూసుకున్నాయి. ధర పలికేది దానికే కదా!

హైబ్రిడ్ విత్తనం కాదు గనుక రైతు తన కళ్లంలోనే విత్తనం దాచుకోవచ్చు. అమ్ముడయ్యే ఏ బస్తా మీదా బాపట్లకు ముట్టేది ఏమీ లేదు. పేరైనా దక్కిందా అంటే, కొట్లో ఇదే బియ్యం చాలాచోట్ల కర్నూలు సోనాగా అమ్ముడవుతోంది.