మూత్రపిండపు గడ్డలు – పేర్ల చరిత్ర

1880లో ఫ్రెంచి వైద్యుడు బూర్నెవిల్, మూర్ఛలతో బాధపడి మరణించిన ఒక బాలిక కథనాన్ని ప్రకటించాడు. శవపరీక్షలో ఆమె మెదడులో గట్టి కణుపులు, మూత్రపిండాలలో గడ్డలు కనబడ్డాయి. ఆ రోజులలో మూత్రపిండపు గడ్డ అనుకోకుండా బయటపడటమంటే చాలామట్టుకు ఇట్లా శవాన్ని కోసినప్పుడు బయటపడటమే!

1883లో జర్మను పండితుడు పాల్ గ్రావిట్జ్, ఈ గడ్డలు మూత్రపిండం నెత్తినుండే అధివృక్కగ్రంథి తునకలనుండి పుడతాయని ప్రతిపాదించాడు. దానినిబట్టి 'హైపర్‌నెఫ్రోమా' అనే పేరు పుట్టింది. ఊహ తప్పని తేలినా పేరు దశాబ్దాలపాటు నిలిచింది. రూఢి వ్యుత్పత్తిని లెక్కచేయదు గదా!

'ఆంజియోమయోలైపోమా' మాత్రం సార్థకనామధేయం. రక్తనాళము, కండ, కొవ్వు: చక్కని బహుపద ద్వంద్వం. ఇది సాధారణంగా క్యాన్సరు కాదు, కాని పెద్దదైతే రక్తస్రావపు భయం ఉంది. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ యంత్రం తొలి రోగిని చిత్రించింది. ఆయన కొలమానంలో నీరు సున్న, కొవ్వు సున్నకు దిగువ. ఆ విధంగా గడ్డలోని కొవ్వే దాని జాతిని పట్టి ఇచ్చింది, కత్తితో పని లేకుండా.

'ఆంకోసైటోమా' అంత సులువుగా లొంగలేదు. ఆంకోస్ అంటే గ్రీకులో ఉబ్బు. మైటోకాండ్రియాలతో కిక్కిరిసి ఉబ్బిన కణాల గడ్డ ఇది. 1942లో జిప్పెల్ వర్ణించినా, 1976లో క్లైన్, వాలెన్సీ పదమూడు గడ్డలను వివరించేదాకా వైద్యలోకం దీనిని వేరుగా గుర్తించలేదు. గుర్తించిన తరువాతనూ చిక్కు తీరలేదు. స్కానింగులో ఇది అచ్చం క్యాన్సరులాగానే కనబడుతుంది. వెన్నునొప్పికి స్కానింగు తీయించుకొన్న మనిషి, అనుకోని గడ్డ కనబడినందున మూత్రపిండాన్నే పోగొట్టుకొనేవాడు.

ఆ నష్టం ఎంతటిదో 2003లో అమెరికాలోని మేయో క్లినిక్ లెక్క చెప్పింది. శస్త్రచికిత్సతో తీసిన 2,935 గడ్డలలో 12.8 శాతం నిరపాయమైనవి. సెంటీమీటరుకన్న చిన్నవాటిలోనైతే 46 శాతం! 2009 నాటి అమెరికన్ మూత్రకోశ వైద్యసంఘపు సూచనలలో, చిన్న గడ్డలను కొందరిలో కోయక కనిపెట్టి ఉండడమూ ఒక మార్గంగా చేరింది.

ఇప్పుడు ఆ మైటోకాండ్రియాలే ఆనవాలు పట్టిస్తున్నాయి. టెక్నీషియం సెస్టమిబి అనే అణుధార్మిక ద్రవ్యం వాటిలో చేరి, ఆంకోసైటోమాను స్కానింగులో వెలిగిస్తుంది. అయితే కొన్ని క్యాన్సరు గడ్డలూ ఆ ద్రవ్యాన్ని గ్రహిస్తాయి గనుక, సూదితో ముక్క తీసి చూడవలసిన అవసరం ఇంకా పూర్తిగా తప్పలేదు.