యునైటెడ్ బ్రూవరీస్: కుటుంబ యాజమాన్యం, మద్యనిషేధం – ఒక పరిశీలన

పారిశ్రామిక సంస్థల చరిత్రను వంశచరిత్రగా రాయటం మనకు అలవాటు. తండ్రి నిర్మించాడు, కొడుకు విస్తరించాడు, చివరకు పరులు కైవసం చేసుకున్నారు అనే క్రమం అందులో స్థిరపడిపోయింది. బెంగళూరులోని యునైటెడ్ బ్రూవరీస్ చరిత్ర ఈ క్రమానికి ఒదగదు. నంద్యాల, ఆళ్లగడ్డలు ఎరిగిన మద్యనిషేధ చరిత్రతో కలిపి దానిని పరిశీలించటం ఈ వ్యాసోద్దేశం.

1915లో స్కాట్లండు వాసి థామస్ లీష్‌మన్ దక్షిణాదిలోని ఐదు బీరు తయారీశాలలను కలిపి ఈ సంస్థను ఏర్పరచాడు. ఆంగ్లేయుల పాలన ముగుస్తున్న రోజుల్లో విఠల్ మాల్యా దాని వాటాలను కొంటూ వచ్చి, 1947లో తొలి భారతీయ డైరెక్టరు, మరుసటి ఏడు అధ్యక్షుడు అయ్యాడు. అంటే మాల్యాల యాజమాన్యం స్థాపనతో కాక స్వాధీనంతోనే మొదలైంది.

అదే 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చింది. అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల, ఆళ్లగడ్డలు ఆ చట్టం కిందివే. బెంగళూరు మైసూరు రాష్ట్రంలోనిది కనుక మద్రాసు చట్టం అక్కడ చెల్లలేదు. ఎల్లకు ఇవతల కల్లుగీతపై బతికేవారి వృత్తి నేరమయింది. అవతల బీరు పరిశ్రమగా నిలిచింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాడాడు. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం నిషేధం విషయంపైనే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

1983లో విఠల్ మాల్యా మరణించగా విజయ్ మాల్యా బాధ్యత స్వీకరించాడు. 1986లో ఆంధ్రప్రదేశ్‌లో టోకు మద్య వ్యాపారం ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన స్త్రీల సారా వ్యతిరేకోద్యమ ఫలితంగా 1995లో సంపూర్ణ నిషేధం వచ్చి, 1997లో సడలింది. బీరు అమ్మకాన్ని కొనేవాని ఇష్టంతో పాటు ప్రభుత్వాజ్ఞ కూడా నిర్ణయించిందని ఈ పరిణామాలు చెబుతున్నాయి.

అయితే కుటుంబాధికారం ముగిసింది నిషేధం వల్ల కాదు. 2005లో ఎగరటం మొదలుపెట్టిన కింగ్‌ఫిషర్ విమానసంస్థ 2012లో ఆగిపోయి, బ్యాంకుల బకాయిలు మిగిల్చింది. జప్తయిన బ్రూవరీ వాటాలను రుణ వసూలు ట్రిబ్యునల్ ద్వారా విక్రయించగా, 2021 జూన్‌లో డచ్చి సంస్థ హైనెకెన్ సుమారు 15 శాతం వాటాను కొని, తన భాగాన్ని 61.5 శాతానికి పెంచుకున్నది.

వాటాలు కొని వచ్చిన కుటుంబం వాటాలు పోగొట్టుకొని నిష్క్రమించింది. వాటా చేతులు మారినా సంస్థ నిలిచింది, దాని సరకు పేరూ నిలిచింది. గీత కార్మికునికి అమ్ముకోవటానికి వాటా లేదు. వృత్తి పోతే అతనికి మిగిలేది శూన్యమే. మద్యచరిత్రను యజమానుల వైపు నుంచే రాస్తే ఈ తేడా కనబడదు. తెలుగునాట ఆ చరిత్ర ఈ రెండు వైపుల నుంచీ సాగవలసి ఉన్నది.