నూరు బార్ల పాట, నల్లరాతి కొండ

రాత్రి పదిన్నర. చిక్కబళ్ళాపురంలో, హైవే లారీల హోరు కిటికీలోంచి లోపలికొచ్చే అద్దె గది. లాప్‌టాప్‌లో వీడియో ఆడుతోంది, చప్పుడు మాత్రం లేదు. నువ్వే మ్యూట్ చేశావు. ఆర్.ఈ.ఎం. బ్యాండ్ 1991లో తెచ్చిన 'లూజింగ్ మై రెలిజియన్'. ఒక గది, ఒక కిటికీ, కిందపడి పగిలే పాలకూజా, రెక్కలున్న ముసలాయన. షాట్ మారినప్పుడల్లా నోటుపుస్తకంలో ఒక గీత గీస్తున్నావు.

"సౌండ్ లేకుండా పాట చూసేదేందిరా?" అంటాడు గిటార్ వాయించే మిత్రుడు, మంచం మీద పడుకుని.

వాడికి జవాబు చెప్పకుండా మొదటికి పోతావు. ఈసారి సౌండ్ పెట్టి, స్క్రీన్ మూసేస్తావు. మాండొలిన్ ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ లేచింది, డ్రమ్ము ఎక్కడ ఊరుకుంది, అన్నీ నిమిషాలు సెకన్లతో రాసుకుంటావు. మూడోసారి రెండూ కలిపి చూస్తావు. ఇందాకటి గీతలకూ ఈ అంకెలకూ చుట్టరికం ఏమిటో అప్పుడు తెలియడం మొదలవుతుంది. ప్రతి దెబ్బకూ కట్ వేసిన వీడియో అరనిమిషానికే విసుగు పుట్టిస్తుంది. దెబ్బను దాటేసి, గొంతు లేచేదాకా షాట్‌ను పట్టుకుని ఉన్నవాడికి చూసేవాళ్ళు కట్టుబడతారు.

దీని దర్శకుడు తర్సెమ్ సింగ్ జలంధర్‌లో పుట్టి, కాలిఫోర్నియాలో సినిమా చదువుకున్నవాడు. ఆ ఏడాది ఎంటీవీ అవార్డుల్లో ఉత్తమ వీడియో ఇదే. అవార్డు సంగతి పక్కన పెట్టు. రెక్కల ముసలాయన పాట మాటల్లో ఎక్కడా లేడని గమనించు. ఆండ్రూ గుడ్విన్ అనే పరిశోధకుడు 1992లో మ్యూజిక్ వీడియోల మీద రాసిన పుస్తకంలో మాటకూ బొమ్మకూ మూడు రకాల సంబంధం చెప్పాడు. బొమ్మ మాటను ఉన్నదున్నట్టు చూపించవచ్చు. మాటలో లేని అర్థాన్ని దానికి తగిలించవచ్చు. మాటతో పొత్తు లేకుండా తన దారిన తాను పోవచ్చు. నోటుపుస్తకంలో ఆ మూడింటికీ మూడు గళ్ళు గీసుకో. నీకు నచ్చిన పది వీడియోలు ఆ గళ్ళలో వేసి చూస్తే నీ అలవాటు నీకే బయటపడుతుంది. మనవాళ్ళలో చాలామంది మొదటి గడి దాటరు. పాటలో వాన అని వస్తే తెర మీద వాన కురవాల్సిందే!

ఇప్పుడు నువ్వు వీడియో తీయాల్సిన మీ బ్యాండ్ పాట. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం నేర్చిన పిల్లల పాట కాబట్టి రెండూ కలిసే ఉన్నాయి. నిమిషానికి 120 దెబ్బలు. నాలుగు దెబ్బలు ఒక బార్, అంటే 2 సెకన్లు. వేళ్ళ మీద లెక్కపెడుతూ గోడకు అంటించిన చార్టు మీద రాస్తావు. మొదట గిటార్ 8 బార్లు. చరణం 16, పల్లవి 8, మళ్ళీ చరణం 16, పల్లవి 8. గిటార్ సోలో 16. గొంతూ గిటారూ ఆగిపోయి ఉత్త పలక డప్పులు మోగేది 8. చివరి పల్లవి 16, ముగింపు 4. మొత్తం 100 బార్లు, 3 నిమిషాల 20 సెకన్లు. కెమెరాను సెకనుకు 24 ఫ్రేముల మీద పెడితే దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు. 25 పెడితే పన్నెండున్నర. అర ఫ్రేము దగ్గర కట్ వేయడం ఎవరి తరమూ కాదు. అందుకని 24.

షాట్ సగటున రెండు బార్లు నిలిస్తే యాభై షాట్లు. 1975లో క్వీన్ బ్యాండ్ 'బొహీమియన్ రాప్సొడీ' వీడియోను ఎల్‌స్ట్రీ స్టూడియోలో సుమారు నాలుగు గంటల్లో తీసేశారు. మీకు నాలుగు గంటల వెలుతురైతే దొరుకుతుంది గానీ స్టూడియో లేదు. కొండ ఉంది.

*

తెల్లారి బస్సు. పేరేసంద్ర దాటాక రోడ్డుకు రెండు పక్కలా గుండ్లు గుండ్లుగా కొండలు లేస్తాయి. గాయకురాలు ఫోన్ బయటికి పెట్టి తీస్తూనే ఉంది. "నంది కొండకే పోయింటే సరిపోతా ఉన్నింది కదా, మంచు బాగుంటాది" అంటుంది. బాగుంటుంది, నిజమే. ఆ మంచును ప్రతి శనాదివారం బెంగళూరు అంతా వచ్చి తీసుకుపోతోంది. కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అక్కడ షూటింగ్ చేయాలంటే ముందుగా అనుమతి కావాలి, విద్యార్థులకైనా సరే. అందరూ చూసేసిన చోటు ఆ మూడున్నర నిమిషాల్లో నీ పాటకు కొత్తగా ఏమీ చేసిపెట్టదు.

బాగేపల్లిలో దిగి, టీ తాగి, ఆటో మాట్లాడుకుని గుమ్మనాయకన పాళ్యం చేరేసరికి పది. పాళెగాళ్ళ కోట గోడలు కొండ వాలు పట్టుకుని పైకి పోతున్నాయి. రాయి అప్పటికే కాలుతోంది. ఎండ నెత్తిన ఉన్నప్పుడు ఈ తెల్లబారిన గుండ్ల మీద ముఖం తీస్తే కళ్ళు రెండూ నల్లటి గుంటలవుతాయి. ఫోన్‌తో ఒక ఫొటో తీసి అందరికీ చూపిస్తావు. పాటలో ఎవరూ ఏడవడం లేదు కాబట్టి ఈ వెలుతురు వద్దు.

మేకలు తోలుకొచ్చిన పెద్దాయన ఒకాయన దూరం నుంచి చూస్తున్నాడు.

"ఏమప్పా, సినిమా తీస్తా ఉండారా?"

"సినిమా కాదన్నా, పాట. ఇయాల ఊరికే చూసిపోను వచ్చినాం."

"హీరో యాడ?"

గిటార్ వాణ్ణి చూపిస్తావు. పెద్దాయన వాణ్ణి పైనుంచి కిందిదాకా చూసి ఏమీ అనడు. నీడ ఎటు పడుతుందని అడిగితే మాత్రం చేతికర్రతో చూపిస్తాడు. "మూడు గంటలకంతా ఆ గుండు నీడ ఈ గోడ మీదికి వస్తాది. మేకలు ఈడే పండుకుంటాయి. ఐదైతే మళ్ళా ఎర్రెండ కొడతాది." ఫోన్‌లో సూర్యుడి దారి చూపించే యాప్ ఉంది, కానీ అది ఆ గుండును లెక్కలోకి తీసుకోదు. చరణాలు మూడు గంటల నీడలో, పల్లవులు ఐదు తర్వాతి ఎర్రెండలో అని చార్టులో రాసేస్తావు. సాయంత్రం ఆరున్నరకు వెలుతురు చేతికందకుండా పోతుంది.

తర్వాత కరెంటు. 1971 అక్టోబరులో పింక్ ఫ్లాయిడ్ ప్రేక్షకుల్లేని పాంపేయి రంగస్థలంలో వాయిస్తుంటే ఏడ్రియన్ మేబన్ సినిమా తీశాడు. అక్కడ నిజంగానే వాయించారు గనక కరెంటు చాలక రోజులు గడిచిపోయాయి. చివరికి ఊళ్ళోంచి పొడవాటి తీగ లాగి తెచ్చుకున్నారు. మీరు చేసేది ప్లేబ్యాక్. పలకలు తప్ప పాట ముందే రికార్డయింది, కొండ మీద స్పీకర్ పెట్టి దానికి పెదవులు కలపడమే. జనరేటర్ అక్కర్లేదు, ఛార్జి నిండిన స్పీకర్ చాలు.

అనుకున్నంత తేలికైతే కాదు. పరీక్షకని గాయకురాలిని అదిగో ఆ ఎదుటి గుండు మీదికి ఎక్కించావు. నువ్వు, కెమెరా, స్పీకర్ కిందే ఉన్నారు. మధ్య దూరం నూరు మీటర్లు. పాట పెట్టావు, ఆమె పాడింది, తీశావు, చూశావు. పెదవులు వెనకబడ్డాయి! మళ్ళీ తీస్తే మళ్ళీ అంతే. ఆమె తప్పేమీ లేదు. చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. నూరు మీటర్లు దాటేసరికి సెకనులో పదింట మూడు వంతులు అయిపోతుంది, అంటే 7 ఫ్రేములు. పాట ఆమె చెవికి చేరేది ఆలస్యం, ఆమె పెదవులు నీ కెమెరాకు కనిపించేది అప్పటికప్పుడే. ఎడిటింగ్‌లో ఆ షాట్‌ను 7 ఫ్రేములు ముందుకు జరిపితే అతుక్కుంటుంది. లేదా చిన్న స్పీకర్‌ను ఆ గుండు చాటునే పెట్టాలి. చార్టులో దూరపు షాట్ల పక్కన మీటర్లు కూడా రాసుకుంటావు.

ఇంకో సరదా. కోల్డ్‌ప్లే 2000లో తీసిన 'ఎల్లో' వీడియోలో క్రిస్ మార్టిన్ సముద్రపు ఒడ్డున ఒక్కడే నడుస్తూ పాడతాడు. నడక నెమ్మది, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో పెట్టి, కెమెరా ఫ్రేములూ రెట్టింపు చేశారు. మీరూ 48 ఫ్రేముల మీద పెట్టి, పాటను రెండింతల వేగంతో మోగిస్తారు. కీచుగొంతుకు నవ్వాపుకోలేక గాయకురాలు గుండు మీద కూలబడుతుంది. నాలుగో టేకుకు కుదురుతుంది. కోట గోడ వెంట ఆమె నడుస్తుంటే చున్నీ గాలిలో నీళ్ళలోలాగా కదులుతుంది. ఒక్క షాట్ చాలు, ఇది పదిసార్లు వాడితే మొహం మొత్తుతుంది.

*

చేలూరు మీదుగా చింతామణి. దారి పొడుగునా చింతచెట్లు. అంబాజీదుర్గ కొండ కనిపించే ఒక పల్లెలో పలకలవాళ్ళు నీకోసం చూస్తున్నారు. ఆ 8 బార్లు వీళ్ళవే.

ఎండుగడ్డి మంట వేసి, ఆరు పలకలూ దాని చుట్టూ ఆనించారు. వేడికి చర్మం బిగుస్తుంది, కొట్టి చూస్తారు, చాలకపోతే మళ్ళీ మంట దగ్గరికి. ఒక చేతిలో పొట్టి కర్ర, రెండో చేతిలో సన్నటి పుల్ల. మొదటి దెబ్బ పడగానే మీ డ్రమ్మర్ రెండడుగులు వెనక్కి వేస్తాడు. కన్నడంలో తమటె అనే ఈ వాద్యానికే, ఈ జిల్లాకే చెందిన పిండిపాపనహళ్ళి మునివెంకటప్పగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తరాలుగా ఈ దెబ్బను చావుకూ జాతరకూ ఊరు పిలిపించుకుంది, పని అయ్యాక దూరంగా నిలబెట్టింది.

నువ్వు తెచ్చిన హెడ్‌ఫోన్‌ను ముందు నిలబడే తాత చెవులకు తగిలిస్తావు. అందులో 120 మీద టక్ టక్‌మని లెక్క మోగుతుంది.

"దీని మిందనే కొట్టల్ల తాతా."

కొడతాడు. నాలుగు బార్లు కాకముందే పలక ఆగిపోతుంది. హెడ్‌ఫోన్ తీసి నీ చేతిలో పెడతాడు. "పోయే ఎద్దును తోక పట్టుకుని యెనక్కి లాగినట్టుందప్పా ఇది."

అది లేకుండా కొట్టమంటావు. ఆరుగురూ లేస్తారు. 120 దగ్గర మొదలైన దెబ్బ ఎనిమిదో బార్‌కు 130కి ఎక్కుతుంది. కాళ్ళూ దానితోనే లేస్తాయి. నీ చార్టు ప్రకారం ఇది తప్పు. చెవికి మాత్రం పాట మొత్తంలో ఇదొక్కటే నిజంగా రాక్.

ఇక్కడ తేల్చుకోవాలి, లెక్క ఎవరిది? ఈ దెబ్బను కంప్యూటర్‌లో వేసి సాగదీసి 120కి సరిచేయవచ్చు, చాలామంది చేసేది అదే. నా మాట వింటే ఆ పని చేయకు. పలకలు ఉన్నవి ఉన్నట్టు రికార్డు చెయ్, చివరి పల్లవినీ ముగింపునూ 130 మీదే బ్యాండ్‌తో మళ్ళీ వాయించు. పాట మూడు నాలుగు సెకన్లు కురచవుతుంది. దెబ్బకు 12 ఉన్న ఫ్రేములు 11కు దిగుతాయి. చివరి ఇరవై బార్ల షాట్లన్నీ మళ్ళీ కొలుచుకోవాలి. డ్రమ్మర్ సణుగుతాడు, తర్వాత తాత పక్కన కూర్చుని తొడ మీద లెక్క నేర్చుకుంటాడు. గాయకురాలికి ఈ పరుగు కొత్త కాదు. వాళ్ళింట్లో కైవారం తాతయ్య అనే యోగి రాసిన తత్త్వాలు పాడే భజనలో చివరికొచ్చేసరికి చిడతలు ఇలాగే ఉరుకుతాయట.

పాట కొత్త కొలతతో చేతికొచ్చాక ఒక రోజు, సాయంత్రం ఆరు. మంట ఫ్రేములోనే ఉండాలని ముందే అనుకున్నావు. పలకలకు అది అవసరం, నీకది దీపం. కెమెరా నేలకు ఆనించి ఉంది, తాత పాదాలు మొదట, తర్వాత చేయి. స్లో మోషన్ తీద్దామని గిటార్ వాడు చెవిలో పోరుతున్నాడు. ఎలా తీస్తావు? రెట్టింపు వేగం అంటే నిమిషానికి 240 దెబ్బలు దాటాలి. పాడేవాళ్ళు పెదవులు తిప్పగలరేమో గానీ ఆరు పలకలు అంత వేగంలో ఒక్క దెబ్బగా పడవు. పైగా బరువైన చేయిని నెమ్మది చేస్తే బరువే కనిపించదు. ఉన్న వేగంలోనే, కట్ లేకుండా, ఎనిమిది బార్లూ ఒకే షాట్. చార్టులో నువ్వు రాసుకున్న నాలుగు షాట్లు అక్కడికక్కడ కొట్టేస్తావు.

రెండో టేకుకు మంచు దిగి చర్మం వదులైంది, మోత మందగించింది. ప్లేబ్యాక్ కాబట్టి పాటకు నష్టం లేదు. అయినా తాత ఊరుకోడు. పలకను మళ్ళీ మంటకు పట్టి, బిగిసేదాకా కెమెరాను ఆపించాడు.

ఎడిటింగ్ గురించి చెప్పాల్సింది తక్కువ. షూటింగ్‌కు ముందే ఫోన్ ఫొటోలను పాట మీద పరిచి వీడియోకు నమూనా చేసుకుని ఉంటే సగం పని అయిపోయినట్టే. చేసుకోకపోతే యాభై షాట్లకు మూడొందల క్లిప్పులు వచ్చి పడతాయి, పరీక్షలూ వచ్చి పడతాయి. మొదటి కూర్పును మళ్ళీ మ్యూట్ చేసి చూడు. బొమ్మ ఒక్కటే నీకు పాటను వినిపించాలి. వినిపించని చోట కట్ మార్చు.

విడుదలకు ముందు ఒక పని మిగిలి ఉంటుంది. బ్యాండ్ పేరు, నీ పేరు, కెమెరా, ఎడిటింగ్ అన్నీ పెద్ద అక్షరాల్లో పడి, పలకలవాళ్ళు మాత్రం 'జానపద కళాకారులు' అనే ఒక్క ముక్కలో మాయమయ్యే వీడియోలు చాలా ఉన్నాయి. 2012 సవరణ తర్వాత మన కాపీరైటు చట్టంలోని 38బి సెక్షన్ ప్రకారం, వాయించినవాడికి అది తన వాయింపేనని పేరు వేయించుకునే హక్కు ఉంది. ఆరుగురి పేర్లూ వాళ్ళు చెప్పినట్టే రాసుకో, తెర మీద నీ పేరు కంటే ముందు వెయ్యి. ఒప్పుకున్న డబ్బు షూటింగ్ రోజు సాయంత్రమే చేతికివ్వు.