డయ్యూకి ఎమ్మెల్యే ఏడీ?

సూరత్‌లో తపతీ ఒడ్డున ఉన్న పాత కోటకీ, సముద్రం అవతల సౌరాష్ట్ర కొసన ఉన్న డయ్యూ దీవికీ ఒక మనిషి ద్వారా చుట్టరికం ఉంది. 1530లో పోర్చుగీసులు సూరత్‌ను దోచి తగలబెట్టారు. ఆ తర్వాత గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ ఇక్కడ గట్టి కోట కట్టే పని ఖుదావంద్ ఖాన్‌కి అప్పగించాడు. 1540లలో కోట లేచింది. ఆ ఖుదావంద్ ఖానే 1546లో డయ్యూలోని పోర్చుగీసు కోటను ముట్టడిస్తూ ఫిరంగి గుండుకు బలయ్యాడు. సూరత్ దక్కింది కానీ డయ్యూ దక్కలేదు. మరో 415 ఏళ్లు అది పరాయి జెండా కిందే ఉండిపోయింది.

చారెడు నేల కోసం అంత కొట్లాట ఎందుకంటే, ఎర్రసముద్రం నుంచి వచ్చే సరుకు చాలావరకు దాని ముందు నుంచే పోయేది. 1509లో పోర్చుగీసులు ఈజిప్టు, గుజరాత్ నౌకలను ఓడించింది డయ్యూ దగ్గరే. హుమాయూన్ తరుముకొస్తుంటే దిక్కుతోచని సుల్తాన్ బహదూర్ షా 1535లో పోర్చుగీసులకు కోట కట్టుకునే చోటిచ్చాడు. రెండేళ్లు తిరగకుండానే వాళ్లతో జరిగిన పెనుగులాటలో అక్కడి సముద్రంలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 1538లో ఒట్టోమన్ నౌకాదళం వచ్చి ముట్టడించినా కోట లొంగలేదు. తర్వాత మొఘలుల కాలంలో సూరత్ రేవు వెలిగిన కొద్దీ డయ్యూ మసకబారింది.

వలస పాలకులకు హోదా అంటే పేరు మార్పిడే. లోకమంతా వలసలు వదులుకోమంటుంటే, 1951లో పోర్చుగల్ తన రాజ్యాంగాన్ని సవరించి గోవా, డామన్, డయ్యూలను వలసలు కావు, సముద్రం అవతలి రాష్ట్రాలు అంది. నెహ్రూ ఎంత చెప్పినా వినలేదు. 1961 డిసెంబర్ 18న భారత సైన్యం కదిలింది. డయ్యూ మీద యుద్ధనౌక ఐఎన్ఎస్ ఢిల్లీ గుళ్లు కురిపించింది, విమానాలు పోర్చుగీసు గస్తీ నౌక వేగాను ముంచేశాయి. మర్నాటికి పని పూర్తయింది. లిస్బన్ మాత్రం ఆ సంగతి ఒప్పుకుని ఒప్పందం మీద సంతకం పెట్టేసరికి 1974 డిసెంబర్ వచ్చింది.

విముక్తి వచ్చాక హోదా ఏమిటన్న ప్రశ్న వచ్చింది. 1962లో పన్నెండో రాజ్యాంగ సవరణతో గోవా, డామన్, డయ్యూ కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. 1963 చట్టంతో 30 మంది సభ్యుల అసెంబ్లీ వచ్చింది. గోవాకి 28 సీట్లు, డామన్‌కి ఒకటి, డయ్యూకి ఒకటి. ఆ ఒక్క సీటే నా దృష్టిలో ఈ కథకంతా కీలకం. 1967 జనవరి 16న అభిప్రాయ సేకరణ జరిగింది. మహారాష్ట్రలో కలుస్తారా అని గోవా వాళ్లను అడిగారు, గుజరాత్‌లో కలుస్తారా అని డామన్ డయ్యూ వాళ్లను అడిగారు. మాట్లాడేది గుజరాతీయే, ఇరుగుపొరుగంతా గుజరాతే, అయినా కలవం అన్నారు. మీ ఊరు ఎవరి కింద ఉండాలి అని ఆ జనాన్ని నేరుగా అడిగింది అదొక్కసారే.

1987 మే 30న గోవా రాష్ట్రమైంది. పణజీలో సంబరాలు జరుగుతుంటే డామన్ డయ్యూ విడిగా కేంద్రపాలిత ప్రాంతంగా మిగిలింది. లోక్‌సభలో ఒక సీటు వచ్చింది కానీ ఎమ్మెల్యేలు ఇద్దరూ పోయారు. అప్పటి నుంచి అక్కడ ఢిల్లీ పంపిన అడ్మినిస్ట్రేటర్‌దే పాలన. పార్లమెంటు చేసే చట్టాలు కాక, 240వ అధికరణం కింద రాష్ట్రపతి చేసే నిబంధనలే అక్కడ చట్టాలు.

2020 జనవరి 26న పార్లమెంటు చట్టంతో డామన్ డయ్యూను దాద్రా నగర్ హవేలీతో కలిపారు. రెండు సచివాలయాలు, రెండేసి శాఖలు దండగ ఖర్చు అన్నది కేంద్రం చెప్పిన కారణం. ఆ దాద్రా కథా తక్కువది కాదు. 1954లోనే పోర్చుగీసులను వెళ్లగొట్టింది, వ్యవహారం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1961లో భారత్‌లో చేరే ఒప్పందంపై సంతకం పెట్టడానికి బద్లానీ అనే ఐఏఎస్ అధికారిని ఒక్కరోజు ప్రధానిని చేశారు!

మందు మాటెత్తకుండా డామన్ గురించి రాయడం సూరత్ వాళ్ల వల్ల కాదు. గుజరాత్‌లో మద్యనిషేధం, డామన్‌లో లేదు. సూరత్ లింబాయత్‌లో మన తెలుగు మగ్గాల కుర్రాళ్లకి డామన్ అంటే సముద్రం కన్నా ముందు గుర్తొచ్చేది మందే. కానీ డయ్యూ మనిషి ప్రయాణం వేరు. రాజధాని డామన్‌కి రోడ్డు మీద రావాలంటే దీవి వంతెన దాటి ఉనా, భావనగర్, వడోదర, భరూచ్, సూరత్, వాపీ చుట్టి రావాలి. దారంతా పరాయి రాష్ట్రమే. హైకోర్టు గడప తొక్కాలంటే ముంబై పోవాలి. ఇంట్లో వారసత్వ తగాదా వస్తే ఇప్పటికీ పోర్చుగీసు కాలపు సివిల్ కోడే.

మన యానాంతో పోల్చి చూడండి. 2011 లెక్కల్లో యానాం జనాభా 55 వేల పైచిలుకు, డయ్యూ జిల్లా 52 వేల పైచిలుకు. ఒకప్పుడు ఒకటి ఫ్రెంచి వారిది, ఒకటి పోర్చుగీసు వారిది. యానాం రాజధాని పుదుచ్చేరి కూడా ఆమడల దూరమే. కానీ అక్కడి అసెంబ్లీలో లేచి నిలబడి, మా ఊరి సంగతేమిటని అడగడానికి యానాంకి ఒక ఎమ్మెల్యే ఉన్నాడు. డయ్యూ మత్స్యకారుడికి పురపాలక సంఘం, జిల్లా పంచాయతీ దాటితే ఇక పార్లమెంటు సభ్యుడే దిక్కు. 2024లో డామన్ డయ్యూ ఓటర్లు పెద్ద పార్టీలను పక్కనపెట్టి స్వతంత్ర అభ్యర్థిని గెలిపించారు. అది అసంతృప్తికి గుర్తు కాదని ఎవరైనా అంటే నేను నమ్మను.

చిన్న ప్రాంతానికి అసెంబ్లీ ఎందుకన్న వాదన ఒకటుంది. అది నిలవదు. కలిపిన ఈ ప్రాంతం జనాభా 2011లోనే 5.86 లక్షల పైచిలుకు. 6.1 లక్షల సిక్కిం పూర్తి రాష్ట్రం, దానికి 32 మంది ఎమ్మెల్యేలు. కాబట్టి అడ్డం జనాభా కాదు, ఢిల్లీ మనసే. అసెంబ్లీకి దారిచ్చే 239ఎ అధికరణంలో ఇప్పుడు పుదుచ్చేరి పేరొక్కటే మిగిలింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి దాని పక్కన ఇంకో పేరు చేర్చాలి. 1987లో తీసేసుకున్న ఆ ఒక్క సీటును డయ్యూకి తిరిగివ్వాలి.