ఇటలీ పునరుజ్జీవనం, దాని వ్యాప్తి

పద్నాలుగో శతాబ్దంలో ఇటలీ నగరాల్లో మొదలై, 1600 నాటికి ఐరోపాలో చాలా భాగానికి పాకిన విద్యా, సాహిత్య, కళా వికాసాన్ని సాంస్కృతిక పునరుజ్జీవనం అంటారు. లియొనార్డో, మైకెలాంజెలో, రాఫెల్ పేర్లు అందరికీ తెలిసినవే. వాళ్లలో పెద్దవాడైన లియొనార్డో 1452లో పుట్టేసరికే ఈ ఉద్యమానికి నూరేళ్లు నిండాయి. ఆ నూరేళ్లూ దాన్ని మోసినవాళ్లు పాత గ్రంథాలను వెతికినవాళ్లు, వాటికి నకళ్లు తీసినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు. పునరుజ్జీవన చరిత్రలో మొదటి పీట వీళ్లకే వేయాలి.

నేపథ్యం

అప్పటికి ఇటలీ ఒకే రాజ్యం కాదు. ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్ వంటి నగరాలు దేనికది సొంత పాలనలో ఉండేవి. ఉన్ని బట్టలు, తూర్పు దేశాల సుగంధద్రవ్యాలు, బ్యాంకుల లావాదేవీలు వాటికి డబ్బు తెచ్చిపెట్టాయి. ఒప్పందాలు, దస్తావేజులు, నగరాల మధ్య రాయబార లేఖలు రాయడానికి లాటిన్ బాగా వచ్చిన నోటరీలు కావలసివచ్చారు. కవి పెట్రార్క్ నోటరీ కొడుకు. లియొనార్డో, వాస్తుశిల్పి బ్రూనెలెస్కీల తండ్రులూ నోటరీలే. 1348లో వచ్చిన ప్లేగు ఈ నగరాలను పీనుగుల దిబ్బలు చేసింది. అయినా వ్యాపారమూ చదువూ ఆగలేదు.

రాతప్రతుల వేట

1345లో కవి పెట్రార్క్ (1304–1374) వెరోనా కెథెడ్రల్ గ్రంథాలయంలో రోమన్ వక్త సిసెరో ఉత్తరాల ప్రతిని కనుగొన్నాడు. మహాజ్ఞానిగా పూజలందుకున్న సిసెరో ఆ ఉత్తరాల్లో భయపడుతూ, మాట మార్చుతూ, పదవి కోసం ఆరాటపడే మామూలు మనిషిగా కనిపించాడు. మనసు నొచ్చుకున్న పెట్రార్క్, దాదాపు 1400 ఏళ్ల కిందట చనిపోయిన సిసెరోనే మందలిస్తూ ఒక లేఖ రాశాడు. పూర్వికులను దేవుళ్లను చేయకుండా, తోటి మనుషులుగా ఎంచి వాదనకు దిగే ఈ చనువు మధ్యయుగపు పండితుల్లో అరుదు. పెట్రార్క్ దగ్గర గ్రీకులో హోమర్ ప్రతి ఉన్నా, చదవడం రాక దాన్ని దాచుకుని మురిసేవాడు. ఆ లోటు తీరడానికి 1397 దాకా ఆగవలసివచ్చింది. ఆ ఏడు ఫ్లోరెన్స్ ప్రభుత్వ ప్రధాన లేఖకుడు సలుటాటి పూనికతో కాన్‌స్టాంటినోపుల్ పండితుడు మాన్యుయెల్ క్రిసొలోరస్ నగరానికి వచ్చి గ్రీకు చెప్పడం మొదలుపెట్టాడు. మూడేళ్లే ఉన్నా, తర్వాతి తరం గ్రీకు పండితుల్లో పలువురు ఆయన శిష్యులే.

ఈ వేటలో అందరికంటే ఆరితేరినవాడు పోజ్జో బ్రాచియోలీని. పోపు కొలువులో లేఖకుడు. జర్మన్ ప్రాంతంలోని కాన్‌స్టెన్స్‌లో క్రైస్తవ మహాసభ సాగుతుండగా, తీరిక చిక్కినప్పుడల్లా చుట్టుపక్కల మఠాలు గాలించాడు. 1416లో సెయింట్ గాలెన్ మఠంలో క్విన్‌టిలియన్ అలంకారశాస్త్రం పూర్తి ప్రతి దొరికింది. ఒక బురుజు అడుగున, చీకటి కొట్టులో, దుమ్ము కొట్టుకుపోయి పుస్తకాలు పడి ఉన్నాయని ఆయనే ఒక మిత్రుడికి రాశాడు. మరుసటి ఏడు లుక్రీషియస్ రాసిన పరమాణువాద కావ్యం బయటపడింది. పోజ్జో పంపిన ఆ ప్రతికి ఫ్లోరెన్స్‌లో నికొలో నికోలీ తన చేత్తో నకలు తీశాడు. అది ఇప్పటికీ ఆ నగరంలోని లారెన్షియన్ గ్రంథాలయంలో ఉంది.

మఠాల్లో దొరికిన పాత ప్రతుల దస్తూరీ పోజ్జోను ఆకట్టుకుంది. గుండ్రంగా, విడివిడిగా ఉన్న ఆ లిపి ప్రాచీన రోమన్లదే అనుకుని తనూ అలాగే రాయసాగాడు. నిజానికి అది షార్లమేన్ చక్రవర్తి కాలంలో, అంటే ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో రూపుదిద్దుకున్న రాత. పోజ్జో నిలువు అక్షరాలు తర్వాత అచ్చులో రోమన్ టైపు అయ్యాయి. నికోలీ వాలు రాత ఇటాలిక్‌కు ఒరవడి అయింది. ఇవాళ మన ఫోన్లలో ఇంగ్లీషు చదువుతున్నది ఈ లిపి వారసత్వంలోనే.

తెలుగు పాఠకులకు పోజ్జో మరో రకంగానూ దగ్గరివాడు. విజయనగరం చూసి వెళ్లిన వెనిస్ వర్తకుడు నికొలో కాంటి తన ప్రయాణాల కథ స్వయంగా రాయలేదు. ఆయన చెబుతుండగా లాటిన్‌లో రాసిపెట్టినవాడు పోజ్జోయే. ఏటవాలు కొండల పక్కన, అరవై మైళ్ల చుట్టుకొలతతో ఉన్న మహానగరమన్న వర్ణన ఐరోపాకు అందింది ఆయన కలం నుంచే.

పాత పుస్తకాలు దొరికితే చాలదు, వాటిలో ఏది అసలో ఏది నకిలీయో తేల్చాలి. 1440లో లొరెంజో వల్లా ఆ పని చేసి చూపాడు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి పశ్చిమ రాజ్యాన్ని పోపుకు రాసిచ్చాడని చెప్పే దానపత్రంలోని మాటలు, ప్రయోగాలు నాలుగో శతాబ్దపు లాటిన్‌కు పొసగవని నిరూపించాడు. రాజ్యాధికారానికి ఆధారమైన పత్రాన్ని ఒక పండితుడు వ్యాకరణంతో పడగొట్టడం ఆ శతాబ్దంలోకెల్లా పెద్ద సాహసమనాలి.

గుమ్మటం, గోడ మీది లోతు

కళలో వచ్చిన మార్పు ఫ్లోరెన్స్ కెథెడ్రల్ గుమ్మటం దగ్గర బాగా తెలుస్తుంది. దాదాపు 45 మీటర్ల వెడల్పున్న ఖాళీ మీద కప్పు వేయాలి. అంత ఎత్తున సెంట్రింగు కట్టడానికి సరిపడే కలప దొరకదు. 1420లో పని మొదలుపెట్టిన ఫిలిప్పో బ్రూనెలెస్కీ సెంట్రింగు లేకుండానే కడతానన్నాడు. లోపల ఒకటి, బయట ఒకటి, రెండు పొరలుగా గుమ్మటం లేపాడు. ఇటుకల వరసల మధ్య అక్కడక్కడా నిలువు ఇటుకలు పేర్చి, సున్నం ఆరేలోపు వరస జారిపోకుండా బిగించాడు. బరువు పైకెత్తడానికి ఎద్దులతో నడిచే యంత్రం చేశాడు. పళ్లచక్రం మార్చితే చాలు, ఎద్దులను తిప్పి కట్టకుండానే బరువు పైకీ కిందికీ నడిచేది. 1436 నాటికి గుమ్మటం పూర్తయింది.

చదును తలం మీద లోతు కనిపించేలా గీసే పర్‌స్పెక్టివ్ పద్ధతిని ప్రయోగంతో చూపినవాడూ ఆయనే. 1435లో అల్బెర్టీ దాన్ని సూత్రాలుగా రాశాడు. అప్పటికే చిత్రకారుడు మసాచియో శాంటా మరియా నొవెల్లా చర్చి గోడ మీద వేసిన త్రిత్వం చిత్రంలో, చదును గోడ వెనక నిజంగా ఒక గది ఉందనిపిస్తుంది.

అచ్చుతో పాకిన వెలుగు

1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశం కాగానే గ్రీకు పండితులు ఇటలీకి వలస రావడం వల్లే పునరుజ్జీవనం పుట్టిందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. కానీ క్రిసొలోరస్ పాఠాలు అంతకు 56 ఏళ్ల ముందువి. ఆ పతనం ఉద్యమాన్ని పుట్టించలేదు, ఉన్నదానికి ఊపునిచ్చింది. గ్రీకు మతాధికారి బెస్సారియన్ తన ఏడు వందలకు పైగా రాతప్రతులను 1468లో వెనిస్‌కు దానమిచ్చాడు. మార్చియానా గ్రంథాలయం వాటి మీదే వెలసింది.

అసలు మలుపు మైంజ్‌లో గుటెన్‌బర్గ్ అచ్చు యంత్రం. 1455 ప్రాంతంలో బైబిల్ వెలువడింది. 1469కల్లా వెనిస్‌లో అచ్చు మొదలైంది. అక్కడి ఆల్డస్ మనూటియస్ 1495–98 మధ్య అరిస్టాటిల్‌ను గ్రీకులోనే అయిదు సంపుటాలుగా వేశాడు. 1501లో ఇటాలిక్ టైపుతో, చేతిలో ఇమిడే సైజులో రోమన్ కవి వర్జిల్ రచనలు తెచ్చాడు. బల్ల మీద పరిచి చదివే గ్రంథం ప్రయాణంలో వెంట వచ్చే పుస్తకమైంది. 1508లో డచ్చి పండితుడు ఎరాస్మస్ ఆల్డస్ దగ్గరే మకాం వేసి తన పుస్తకం అచ్చు వేయించుకున్నాడు.

ఆల్ప్స్ దాటిన తర్వాత ఉద్యమం రంగు మారింది. ఉత్తరాదిన ఈ పాండిత్యం ఎక్కువగా బైబిల్ వైపు మళ్లింది. ఎరాస్మస్ 1516లో బాసెల్ నుంచి గ్రీకు కొత్త నిబంధనను ప్రచురించాడు. మార్టిన్ లూథర్ జర్మన్ అనువాదానికి దాని రెండో ముద్రణే ఆధారం. చిత్రకారుడు డ్యూరర్ వెనిస్ వెళ్లి కొలతల విద్య నేర్చుకుని న్యూరెంబర్గ్‌కు తిరిగొచ్చాడు. హంగరీ రాజు మాత్యాస్ బుడా కోటలో పెద్ద గ్రంథాలయం పెట్టాడు. లియొనార్డో చివరి రోజులు ఫ్రాన్స్ రాజు ఫ్రాన్సిస్ నీడలో గడిపి 1519లో ఆంబ్వాజ్‌లో కన్నుమూశాడు. బొలోన్యా, పాదువాల్లో చదివిన పోలండ్ వాసి కోపర్నికస్ గ్రంథం, పాదువాలో పాఠాలు చెప్పిన వెసాలియస్ శరీరనిర్మాణ గ్రంథం రెండూ 1543లోనే వచ్చాయి.

ఇటలీలో మాత్రం 1527లో చక్రవర్తి అయిదో చార్లెస్ సైన్యాలు జీతాలందక రోమ్‌ను దోచుకున్నాక కళాకారులు చెల్లాచెదురయ్యారు.

చరిత్రకారుల చూపు

ఇది కళల పునర్జన్మ అన్న భావన 1550లో వసారీ రాసిన కళాకారుల జీవితచరిత్రల్లో ఉంది. దాన్ని ఒక యుగంగా నిలబెట్టింది 1860లో వచ్చిన బుర్క్‌హార్ట్ పుస్తకం. మధ్యయుగం మొత్తం చీకటి అన్న మాట ఇప్పుడు నిలవదు. బాగ్దాద్ పండితులు గ్రీకు శాస్త్రాలను అరబ్బీలోకి తెచ్చారు. పన్నెండో శతాబ్దంలో టొలీడోలో క్రెమోనా వాసి జెరార్డ్ టాలెమీ ఖగోళ గ్రంథాన్ని అరబ్బీ నుంచే లాటిన్ చేశాడు. ఆ రుణాన్ని పునరుజ్జీవన పండితులు సరిగా ఒప్పుకోలేదు.

ఈ వెలుగు అందరి గడపా తొక్కలేదన్నదీ నిజం. వెరోనాకు చెందిన ఇసొట్టా నొగరోలా లాటిన్ పాండిత్యానికి పేరు తెచ్చుకున్నా, పాఠాలు చెప్పే పీఠం ఆమెకు దక్కలేదు. పెట్రార్క్ తుదిశ్వాస విడిచిన ఊరు పాదువాకు దగ్గరే. ఆ పాదువా విశ్వవిద్యాలయం ఎలెనా కొర్నారో అనే విదుషికి తత్త్వశాస్త్రంలో డాక్టరేటు ఇచ్చింది 1678లో, ఆయన పోయిన 304 ఏళ్లకు.